పద్నాలుగో మంచం సాంబారు

మా అమ్మమ్మ ఉదయలక్ష్మి పుణ్యమా అని క్వేకర్స్ హిల్‌లోని మా ఇంట్లో ఎవరూ సాంబారు ముట్టరు. ఆవిడ సిడ్నీ పడమటి శివార్లలో ఒక ఆసుపత్రిలో, ముసలివాళ్ళ వార్డులో, పంతొమ్మిదేళ్ళుగా నర్సు. మంచాల్లో ఏం జరిగిందో పేషెంట్లకు తెలియకుండా చెప్పుకోవడానికి వంటింటి భాష ఒకటి కనిపెట్టింది. దొడ్డికి గట్టిగా వస్తే ముద్దపప్పు, పలచగా వస్తే రసం, ముక్కలతో కలిసి వస్తే సాంబారు. ఎవరైనా పోతే "చెయ్యి కడిగేశారు". మాటిమాటికీ బజర్ నొక్కేవాళ్ళు ఆడైనా మగైనా "మహారాణి". ఫిలిప్పీన్స్ నర్సులు కూడా ఈ భాష నేర్చేసుకున్నారు. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా ఆవిడ నోరు ఊరుకునేది కాదు.

అలాంటి మనిషి డ్యూటీ దిగి వస్తూ కారు పార్కింగులో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి, తీసుకొచ్చి, ఆవిడ వార్డులోనే పద్నాలుగో మంచం మీద పడుకోబెట్టారు.

నొప్పి మాత్రలకు మూడు రోజులు కడుపు బిగుసుకుపోయింది. విరేచనాల మందు పోశారు. నాలుగో రోజు మధ్యాహ్నం, అడక్కుండా, ఆపుకోనివ్వకుండా వచ్చేసింది. వెచ్చగా పిరుదుల కింద నుంచి నడుము దాటి వీపు మీదికి పాకింది. కాసేపటికి చల్లబడి చర్మానికి జిగురులా పట్టింది. ఆ కంపు తనదేనని ముక్కు ఒప్పుకోలేదు. అమ్మమ్మకి డోకొచ్చింది.

బజర్ చేతికి అందేంత దూరంలోనే ఉంది. నొక్కలేదు.

మూడింటికి షిఫ్టు మారింది. తెర అవతల స్నేహ గొంతు. వరంగల్ పిల్ల, అమ్మమ్మే పని నేర్పింది. డ్యూటీ ఎక్కుతున్నది సీతాదేవి, అమ్మమ్మ పాత స్నేహితురాలు.

"పద్నాలుగు మన ఆంటీ. పప్పు లేదు, రసం లేదు. సాంబార్ కోసం వెయిటింగ్."

"వచ్చిందంటే వరదేనే తల్లీ. బకెట్లు రెడీగా పెట్టుకో," అంది సీతాదేవి. ఇద్దరూ కిసుక్కుమన్నారు.

సాంబారులో పడుకుని ఉన్న అమ్మమ్మ అదంతా విన్నది. పోయినేడు ఇదే మంచంలో బ్రయన్ అనే ముసలాయన ఉండేవాడు. ఆయన దుప్పటి ఎత్తి, "సీతా, పెళ్ళి సాంబారే! గుండిగ పట్రా!" అని తను అరిచింది. ఇద్దరూ పగలబడి నవ్వారు. బ్రయన్‌కి తెలుగు ముక్క రాదు. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఎంత తడిసినా బజర్ నొక్కలేదు. "బంగారం లాంటి పేషెంటు, మహారాణి కాదు," అని అందరితో మెచ్చుకుంది తను.

ఆ మెచ్చుకోలు ఇప్పుడు మంచం కన్నా ఎక్కువ కంపు కొట్టింది. బజర్ నొక్కింది.

ఇంటికి బయలుదేరుతున్న స్నేహే వచ్చింది. దుప్పటి ఎత్తి చూసి పెదవి కొరుక్కుంది.

"అయ్యో, ఎంతసేపైంది ఆంటీ? బజర్ ఎందుకు కొట్టలే?"

"కొడితే మహారాణి అంటారుగా."

స్నేహ గ్లౌజులు వేసుకుంది.

"ఏంటి చెప్పు, ఏమొచ్చింది?" అంది అమ్మమ్మ.

"లూజ్ మోషన్, ఆంటీ."

"నోర్ముయ్! నా దగ్గరా ఈ మర్యాదలు? నేను నేర్పిందేంటి?"

"సాంబార్," అంది స్నేహ గొణుగుతూ.

అమ్మమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలో మళ్ళీ డోకు తగిలింది. స్నేహ ఆవిడని మెల్లగా పక్కకి దొర్లించి తడిగుడ్డ ఆనించింది. అమ్మమ్మ కెవ్వుమంది.

"చచ్చానే! ఐసులా ఉంది. వేడి నీళ్ళలో ముంచి తేవచ్చు కదే!"

"మీరెప్పుడన్న ముంచిన్రా ఆంటీ?"

పంతొమ్మిదేళ్ళ డ్యూటీ అంతా గుర్తుచేసుకుని వెతికింది అమ్మమ్మ. ఒక్క రోజూ దొరకలేదు.

స్నేహ వేడి నీళ్ళ కోసం వెళ్ళింది. అమ్మమ్మ అలాగే, వీపు తెరుచుకుని, గోడవైపు చూస్తూ ఉంది. బ్రయన్ చూసిన గోడే అది. ఒకచోట రంగు పెచ్చు ఊడింది. అంతకు మించి చూడ్డానికి దాని మీద ఏమీ లేదు.