అన్నిటికీ ఒకే మోత

ముదినేపల్లిలో మా బావ తన చేపల చెరువులో నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగితే ఫోన్‌ మోగేలా ఒక యాప్ పెట్టించుకున్నాడు. ఈ రోజు తెల్లారగానే కరెంటు పోయి అవి ఆగాయి. ఫోన్ మోగింది, బావ పట్టించుకోలేదు. మేత ఆఫర్లకీ, పండగ శుభాకాంక్షలకీ కూడా అది అలాగే మోగుతుంది మరి. గట్టుకి వెళ్లేసరికి చెరువు నిండా చచ్చిన చేపలు. బావ అక్కడే కూలబడిపోయాడు.

యాప్ కంపెనీకి నేనే ఫోన్ చేస్తే ఒకావిడ ఎత్తింది.

"అలర్ట్ పంపాం కదండీ," అందావిడ.

"నిన్నటి నుంచి అది పదిహేడోదండీ. మిగతావన్నీ మేత అమ్ముకోడానికి పంపినవే."

"ఎక్కువనిపిస్తే సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చండీ."

"మరి ఏరేటర్లు ఆగితే?"

"ఆ అలర్టూ రాదండీ."

ఛీ అనిపించింది. మనిషి రోజుకి ఎన్నిసార్లని ఉలిక్కిపడగలడో వీళ్లలో ఒక్కరైనా ఆలోచించారా? మీరే చెప్పండి, తప్పు మా బావదేనా?