పావురాల మిద్దె మీదుగా వైరు

కార్ఖానా అనే పేటలో ఇల్లు కట్టుకున్న కొత్తలో మేడ మీది వాటా కుటుంబాలకే ఇచ్చేవాళ్లం. ఊరంతా కంప్యూటర్ చదువుల మీద పడ్డాక విద్యార్థులు రావడం మొదలైంది. నేను రిటైరైన మరుసటి ఏడు అక్కడ ముగ్గురు ఆడపిల్లలు ఉండేవారు. ముగ్గురూ ఎం.సి.ఎ. ఆఖరి సంవత్సరం. వంట, ఊడవడం, నీళ్ల మోటారు అన్నీ వంతులవారీగా చేసుకునేవారు. ముగ్గురూ కలిసి ఒక కంప్యూటరు కూడా కొనుక్కున్నారు. వాళ్ల పద్ధతి చూస్తే నాకు ముచ్చటగా ఉండేది.

డిసెంబరు చివర ఒక ఆదివారం ఉదయం వాళ్లలో శ్రీకాకుళం వైపు అమ్మాయి కిందికి వచ్చింది. మా ఆవిడ దగ్గర ఆ పిల్లకి చనువే గాని, నాతో మాట్లాడాలంటే గుమ్మం దగ్గరే నిలబడేది.

"అంకుల్, ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించుకోవచ్చా? మూడు నెలలకే."

"మూడు నెలలకే ఎందుకు? పెట్టిస్తే ఉంటుంది కదా."

"మార్చిలో పరీక్షలయ్యాక మేం ఖాళీ చేసేస్తాం కదండీ."

అప్పుడు సంగతి చెప్పింది. అమెరికాలో డాక్టర్లు రోగుల్ని చూశాక నోటితో చెప్పిన వివరాలు రికార్డై ఇక్కడికి వస్తాయట. అవి విని టైపు చేసి పంపాలి. ఇన్నాళ్లూ ఆ పని ఒక ఆఫీసులో చేసింది. ఇప్పుడు ఆఫీసు ఎత్తేసి ఎవరింటి నుంచి వాళ్లు చేయమన్నారు. పై వారం సోమవారంలోగా ఇంటికి లైను రాకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆఖరి సెమిస్టరు ఫీజు ఆ జీతంతోనే కట్టాలి. లేదంటే చదువు మధ్యలో వదిలి ఇంటికి వెళ్లిపోవాలి. ఇదంతా వార్తలు చదివినట్టు చెప్పింది.

ఆ పని నేను నెత్తికెత్తుకున్నాను. మర్నాడు టెలిఫోన్ ఆఫీసుకి వెళ్తే ఏడాదికి తక్కువైతే లైను ఇవ్వం అన్నారు, అదీ వరుసలో ఉండాలన్నారు. ఇక మిగిలింది మా వీధిలో టీవీ కేబుల్ నడిపే ఆపరేటరు. అతను కొత్తగా నెట్ కూడా ఇస్తున్నాడు. మా డాబా ఎక్కి నాలుగు వైపులా చూసి పెదవి విరిచాడు.

"ఎనక మిలిట్రీ గోడ, అటుకెళ్లి వైరు గుంజనియ్యరు సార్. ముందట పెద్ద రోడ్డు. నా డబ్బా ఉన్నది ఆ మూల ఇంటి మీద. నడుమల పెద్దాయన ఇల్లు, మూల ఇంటి గోడకు ఆనుకోనే ఉన్నది. ఆయన మిద్దె మీదికెళ్లే రావాలె."

"అడిగితే ఒప్పుకోడా?"

"టీవీ కేబుల్‌కే ఒప్పుకోలే సార్. కబూతర్లకు తక్లీఫ్ అయితదంటడు. మీరడిగి చూడుండ్రి, మీరంటే జెర ఇజ్జత్ ఉన్నది."

మా ఇంటికీ పెద్దాయన ఇంటికీ మధ్య సన్నటి సందు. ఇరవై ఏళ్లుగా ఇరుగుపొరుగులమే అయినా మా మాటలు నమస్కారం దాటలేదు. ఆయన ఈ ఊరివాడే, తండ్రి కట్టించిన ఇంట్లోనే ఉంటున్నాడు. మిద్దె నిండా పావురాల గూళ్లు. ఆ సాయంత్రం నేను మెట్లెక్కి వెళ్లేసరికి జొన్నలు చల్లుతున్నాడు.

"రాండ్రి సారూ. ఏందీ, ఇయ్యాల ఇటు దారి దొరికింది?"

వచ్చిన పని చెప్పాను. ఆయన గింజలు చల్లడం ఆపకుండానే విన్నాడు.

"వైరు మనకు కనవడ్తది. గాలిల ఉన్న పావురానికి కనవడదు సారూ. రెక్క తగిలిందంటే కిందికే. మొన్న పతంగి మాంజకు ఒకటి పోయింది."

"మూడు నెలలే. మార్చి ఆఖరుకి తీయించేస్తాను. నా మాట నమ్మండి."

"మా కింది అర్రల కిరాయికొచ్చినోడు సుత మూన్నెల్లే అన్నడు. వాని లగ్గం గీడనే అయింది, వాని బిడ్డ లగ్గం గీడనే అయింది."

నవ్వాను. నేనూ విజయనగరం నుంచి ఆరు నెలల డెప్యుటేషన్ మీద ఈ ఊరికి వచ్చినవాడినే అని ఆయనకి చెప్పలేదు. అప్పట్లో ఆరు నెలలకొకసారి పొడిగింపు కాగితం వచ్చేది. కొన్నాళ్లకి అది కూడా ఆగిపోయింది. నేను మాత్రం ఇక్కడే ఉండిపోయాను.

గింజలు అయిపోయాక ఆయనే అన్నాడు: "మార్చి దాటితే నడవది. ఇప్పుడు జత కట్టినయి. ఎండలు షురూ అయ్యేటాలకు పిల్లలు ఎగురుడు నేర్చుకుంటయి. వాటికేం తెల్వదు, గోడకు సుత గుద్దుకుంటయి. అందాక వైరుకు రంగుబట్టలు కట్టుండ్రి, పెద్దయి చూసి తప్పుకుంటయి."

పిల్లలు ముగ్గురూ పాత చున్నీలు చింపి పేలికలు చేశారు. ఎరుపు, పసుపు, చిలకపచ్చ. వైరు లాగాక మా ఆవిడ డాబా మీదికి వచ్చి చూసి, "ఏటండీ ఇది, పెళ్లిపందిరి వేయించారు, పెళ్లికొడుకేడీ?" అంది. సోమవారానికి లైను వచ్చింది. ఆ రాత్రి డైరీలో 'వైరు కట్టారు, అమ్మాయి పని నిలబడింది' అని రాసుకుని, ఆ విషయం ముగిసిందనుకున్నాను.

మార్చిలో పరీక్షలు మే నెలకి వాయిదా పడ్డాయి. ఫీజులో సగం ఇంకా కట్టాల్సి ఉంది. పని ఆగిపోతే ఆ పిల్ల అన్నాళ్లూ చేసిందంతా వృథా అవుతుంది.

"అంకుల్, ఆయన్ని ఇంకో నెలన్నర అడుగుతారా?"

"మాటిచ్చానమ్మా," అన్నాను. తల ఊపి మేడ మీదికి వెళ్లిపోయింది.

తర్వాత నాకు స్థిమితం లేదు. మాట తప్పితే ఆ పావురాల పిల్లలకు ముప్పు, నిలబెట్టుకుంటే ఈ పిల్ల చదువుకి ముప్పు. నా డెప్యుటేషన్ పొడిగింపులు గుర్తొచ్చాయి. ఒక్కసారి కూడా నేను నోరు తెరిచి అడిగింది లేదు, వద్దన్నదీ లేదు. ఎవరో పైన సంతకం పెట్టేవారు, నేను ఉండిపోయేవాడిని. ఇక్కడ అలా సంతకం పెట్టేవారెవరూ లేరు. చివరికి నెలాఖరున వైరు తీయిస్తున్నానని చెప్పడానికి పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయనే ఏమైనా అంటాడేమోనన్న ఆశ కూడా లేకపోలేదు.

"మరి ఆ పిల్ల ఏం జేస్తది?"

"తెలీదు."

"తెల్వదంటే ఎట్ల సారూ? ఆ వైరు ఎవరిది?"

"ఆ అమ్మాయిదే."

"మూన్నెల్లాయె నా మిద్దె మీద ఉండబట్టి. ఆ పిల్ల మొఖం నేను చూడలే. అడిగింది మీరే, మాటిచ్చింది మీరే, ఇప్పుడు తీస్తమనేది మీరే. మీ మాట మీరు నిలవెట్టుకున్నరు, మంచిదే. ఆమెకేం కావాల్నో నేనెవర్ని అడగాలె?"

మా ఇళ్లలో పిల్లల తరఫున పెద్దవాళ్లే వెళ్లి మాట్లాడతారు. నా కోసం మా నాన్నగారు మాట్లాడారు, ఈ పిల్లల కోసం నేను మాట్లాడాను. వెంట తీసుకెళ్లాలన్న ఆలోచన కూడా రాలేదు. తిరిగొచ్చి ఆ అమ్మాయితో, "నువ్వే వెళ్లి మాట్లాడు" అన్నాను. వెంటనే వెళ్లింది. నేను మా డాబా పిట్టగోడ దగ్గర నిలబడ్డాను. సందు అవతలి మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

"తాతా, పావురాలు ఎప్పుడెగురుతాయి?"

"పొద్దుగాల ఇడుస్తం. మల్ల పొద్దుగూకేటాలకు గూళ్లల్లకొస్తయి."

"రాత్రి ఎగరవా?"

"రాత్రి ఏం ఎగురుతయి బిడ్డా, పండుకుంటయి."

"నా పని రాత్రే తాతా. మనకి చీకటి పడ్డాకే అమెరికా డాక్టర్లు పనిలోకి వస్తారు. తెల్లారేసరికి నేను పంపించేస్తాను. పగలంతా నాకు వైరుతో పనే లేదు."

"అంటే నా కబూతర్లు పండుకుంటే నీ డాక్టర్లు లేస్తరన్నట్టు."

"అవును. పొద్దున్నే నేను అటు చివర ఊడదీసి ఇటు విసిరేస్తాను. మీరు చుట్ట చుట్టి ఆ మూలన పెట్టండి. సాయంత్రం గూళ్లు మూశాక నాకు విసరండి."

"రోజూ నేను ఇసరాల్నా?"

"నేనే ఇక్కడికొచ్చి విసిరితే అటు పట్టుకునేవాళ్లుండరు కదా."

"మాటలు బాగ నేర్చినవ్. గిన్నొద్దులు ఏడికి పోయినవ్, సారును పంపి?"

ఆ వారమే ఆపరేటరు వచ్చి, "ఇది నెట్ వైరా సార్, బాయిల బొక్కెన తాడా?" అని సణుక్కుంటూనే మా పిట్టగోడకి ఒక కొక్కెం బిగించి, వైరు చివర కాస్త పొడుగు చేసి వెళ్లాడు. పేలికలు తీసేశారు.

ఆ ఏప్రిల్ సాయంత్రాలు నాకు బాగా గుర్తు. గూళ్ల తలుపులు మూసిన చప్పుడు వినిపించగానే అమ్మాయి డాబా మీదికి పరిగెత్తేది. అవతలి నుంచి "పట్టు బిడ్డా" అని వినిపించేది. మొదట్లో సగం సార్లు చివర సందులో పడేది. తర్వాత ఇద్దరికీ చెయ్యి కుదిరింది. తెల్లవారుజామున వైరు అటు వెళ్లిపోయేది. అప్పుడు పడుకోకుండా ఆ పిల్ల కాసేపు పిట్టగోడకి ఆనుకుని చూసేది. ఏ అడ్డూ లేని ఆకాశంలో కొత్త పావురాలు తడబడుతూ లేచి, మిద్దె చుట్టూ ఒక చుట్టు తిరిగి, ఆయాసపడుతూ వాలేవి.

ఫీజు కట్టింది. పరీక్షలు రాసింది. మే చివర సామాను ఆటోలోకి ఎక్కించాక పెద్దాయన దగ్గరికి ఒక్కతే వెళ్లి చెప్పి వచ్చింది. వాళ్లు వెళ్లిన సాయంత్రం ఆయన తన మిద్దె మీద నుంచి నన్ను కేకేశాడు. చేతిలో వైరు చుట్ట ఉంది.

"సారూ, దీన్ని తీపియ్యాల్నా, ఉంచాల్నా? జూన్ల మల్ల పిల్లలొస్తరు గద?"

"వస్తే మీ దగ్గరికి వాళ్లనే పంపిస్తాను," అన్నాను.

"గట్ల చేయుండ్రి," అని చుట్టని మూల మేకుకి తగిలించి, గూళ్లు మూయడానికి వెళ్లాడు.