చిచ్చా కరిగించిన సీసం

చిచ్చా పోయాడని రాయచోటి నుంచి ఆయన చిన్నకూతురు ఫోన్ చేసింది.

"అక్కా, మా అబ్బా పోయినాడు. జుమ్మా నమాజ్ అయినాక మగోళ్ళు మట్టి చేసొచ్చినారు. నీకు నిన్ననే చెప్పల్లనుకుంటి. ఇంటి నిండా జనం, కుదర్లేదు," అంది.

నేనప్పుడు అంగన్‌వాడీలో పిల్లలకు అన్నాలు వడ్డిస్తున్నాను. చేతిలో గరిటె అలాగే పట్టుకుని గోడ వారన కూర్చుండిపోయాను. ఆయన గురించి ఎవరైనా నాలుగు మాటలు రాస్తే బాగుండునని ఆ పిల్ల అంది. రాయగలిగేదాన్ని నేనే. కువైట్‌లో ఆయన పనిచేసిన ఇంట్లో ఆయనతో పాటు ఉన్నది నేనే కనుక. కానీ ఆయన మంచితనం తలచుకున్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన మీద కాదు. ఎవరి మీదో చదివితే మీకే తెలుస్తుంది.

చిచ్చా అంటే చిన్నాన్న. అలా పిలిచానే గానీ ఆయన నాకు చుట్టం కాదు. మాది రాజంపేట పక్కన పల్లె. వయసులో ఉండగా కువైట్‌లో ఒక ఇంటికి పనికి వెళ్ళాను. ఆ ఇంటి డ్రైవరు ఆయన. ఆ ఇంట్లో తెలుగు పలికే నోరు ఆయనదొక్కటే. విమానాశ్రయం నుంచి నన్ను కారులో తీసుకొస్తూ, "ఏడ్చేదంతా ఈ కార్లోనే ఏడ్చెయ్ పాపా. ఇంట్లో ఏడిస్తే పెద్ద మామాకు సరిపోదు," అన్నాడు. దారి పొడుగునా ఏడ్చాను. ఆయన వెనక సీటు కనబడే అద్దాన్ని పైకి తిప్పేసి, రోడ్డు చూస్తూ నడిపాడు.

పెద్ద మామా అంటే యజమాని తల్లి. యజమానిని మేం బాబా అనేవాళ్ళం. బాబాకు వేట పిచ్చి. వాళ్ళ నాన్న వాడిన పాత రైఫిల్ ఒకటి ఉండేది. అందులో ఒక్క తూటా పడుతుంది. పేల్చాక తెరిచి ఇంకొకటి పెట్టుకోవాలి. దానికి సరిపోయే తూటాలు అంగళ్ళలో దొరకడం మానేసి చాలాకాలమైంది. అందుకని సీసం గుండ్లు ఇంట్లోనే పోసుకుని, వాడిన ఇత్తడి గొట్టాల్లోనే మళ్ళీ బిగించుకునేవాళ్ళు. ఆ పోత పని చిచ్చాది. ఆయన తండ్రి ఊరూరా తిరిగి గిన్నెలకు కళాయి పూసేవాడట. తండ్రి చేతి ఇనప గరిటెను చిచ్చా కువైట్ దాకా తెచ్చుకున్నాడు.

చలికాలం సాయంత్రాల్లో అసర్ నమాజ్ అయ్యాక ఇంటి వెనక రేకుల షెడ్డు ముందు పొయ్యి వెలిగించేవాడు. సబ్హాన్‌లో టైర్లు మార్చే షాపుల వాళ్ళని బతిమాలి, చక్రాలకు తగిలించే పాత సీసం ముక్కలు సంచితో తెచ్చుకునేవాడు. వాటిని ఇనప కుండలో వేసి కరిగించేవాడు. కొవ్వొత్తి ముక్క ఒకటి పడేస్తే గుప్పున మండి, మురికంతా పైకి తేలేది. దాన్ని గరిటెతో తీసి పారేస్తే కింద సీసం తళతళలాడేది. నేను గిన్నెలు కడుగుతూ మధ్యలో చూడ్డానికి వెళితే గదమాయించేవాడు.

"తడి చేత్తో రావద్దంటి గదా! సీసంలో నీళ్ళ చుక్క పడిందంటే మొగానికి ఎగుర్తాది. ఆడనే నిలబడి సూడు."

అచ్చులో పోసి, కొయ్యతో తట్టి తెరిస్తే అడుగు చదునైన గుండు మడత పెట్టిన కంబళి మీద పడేది. ఆరాక ఒక్కొక్కటీ తీసి బొటనవేలి గోరుతో చుట్టూ తడిమేవాడు. ముడత కనబడితే మళ్ళీ కుండలోకే. నున్నగా ఉన్నవాటిని పిట్టగోడ మీద వరసగా నిలబెట్టేవాడు. మొదటి నాలుగైదు ఎప్పుడూ ముడతలే పడేవి. "అచ్చు సల్లగుంటే గుండేం చేస్తాది పాపా? దాని మింద కోపం చేసుకోకూడదు. మళ్ళా పోయాల," అనేవాడు. మనుషుల మీదా ఆయనకు అంతే ఓపిక. నాకు లేదు.

తర్వాత గొర్రె కొవ్వు, తేనెమైనం కలిపి గుండ్లకు పూసేవాడు. అప్పుడు బాబా వచ్చి చాప మీద ఎదురుగా కూర్చునేవాడు. గొట్టంలో మందు కొలిచి పోసేది బాబా, పైన గుండు బిగించేది చిచ్చా. ఇద్దరూ ఒకే పళ్ళెంలో ఖర్జూరాలు తినేవాళ్ళు. బాబా ఆయన్ని అఖూయి అని పిలిచేవాడు. అంటే తమ్ముడూ అని. వంటింటి కిటికీలోంచి చూస్తుంటే నాకు ముచ్చటేసేది. మా ఊళ్ళో పనివాడితో ఏ ఆసామీ అలా కూర్చోగా నేను చూడలేదు. ఆ ముచ్చట తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది, ఎంత తేలిగ్గా నమ్మేశానా అని.

ఏటా ఎండాకాలం బాబా పెళ్ళాం బిడ్డలతో విదేశాలకు వెళ్ళేవాడు. వెళ్ళేముందు తుపాకి బీరువా తాళం చిచ్చా చేతిలో పెట్టి, "నేనొచ్చేదాకా అమానత్," అనేవాడు. అమానత్ అంటే నమ్మి దాచమని ఇచ్చిన సొత్తు. ఆ ఏడు కూడా అలాగే ఇచ్చి వెళ్ళాడు. ఆ ఆగస్టులోనే ఇరాక్ సైన్యం వచ్చిపడింది.

పెద్ద మామా ఒక్కతే ఇంట్లో ఉంది. మోకాళ్ళ నొప్పులతో నడవలేదు. కొన్నాళ్ళకు మనవాళ్ళంతా బస్సులెక్కి జోర్డాన్ మీదుగా ఇంటిదారి పట్టారు. అహ్మదిలో పనిచేసే రాయచోటి ఆయనొకడు చిచ్చాను పిలుచుకుపోవడానికి వచ్చాడు.

"బస్సులో జాగా పెట్టినాము. ఆ పిల్లను గూడా తోలుకోని రా. యల్లా, లెయ్," అన్నాడు.

"ముసలామెను యాడ పెట్టేది?"

"ఆమె కొడుకు లేడా ఆమెకు?"

"కొడుకు వచ్చిందాంకా నా అమానత్ గదప్పా ఆమె," అన్నాడు చిచ్చా. నన్ను వెళ్ళిపొమ్మన్నాడు. ముసలామెకు ఒళ్ళు తుడవాలన్నా, బట్ట మార్చాలన్నా ఆడమనిషి ఉండాలి కదా. నేనూ ఆగిపోయాను.

తుపాకులు దాచిన ఇళ్ళు వెతుకుతున్నారని, దొరికితే ఇంటివాళ్ళను గుమ్మంలోనే కాల్చేస్తున్నారని వీధిలో చెప్పుకున్నారు. పెద్ద మామా చిచ్చాను మంచం దగ్గరికి పిలిచింది. నేను ఆమె కాళ్ళు పడుతున్నాను. "నా మొగుడి తుపాకి వాళ్ళకు చిక్కకూడదు. ఎక్కడన్నా పెట్టు, నా కొడుకు వచ్చేదాకా కాపాడు. నువ్వూ నా కొడుకువే," అంది. ఈ మాట నా చెవులతో విన్నాను. అరబీ నాకు అప్పటికి బాగానే వచ్చు.

సులైబియాలో బాబాకు మేకల దొడ్డి ఉండేది. చిచ్చా రైఫిల్‌ని పాత దుప్పటిలో చుట్టి, బండిలో మేకల మేత కింద పెట్టుకుని పట్టపగలే బయల్దేరాడు. దారిలో రెండుచోట్ల సైనికుల తనిఖీ ఉందని మాకు తెలుసు. మేత కట్టలు ఎత్తి చూస్తే అక్కడికక్కడే ఆయన పని అయిపోయేది. పొద్దుగూకి మగ్రిబ్ నమాజ్ అయినా రాలేదు. నేను, ముసలామె ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కూర్చున్నాం. ఆయన వచ్చాక మొదట అడిగింది, "పెద్ద మామా రొట్టె తినిందా?" అని. దొడ్డిలో మేకలు కట్టేసే చోట గుంత తీసి పూడ్చానని తర్వాత చెప్పాడు.

షెడ్డులో మిగిలిన గుండ్లన్నీ మర్నాడు కరిగించాడు. కుండ, సీసం చూసి సైనికులు అడిగితే ఏం చెప్పాలో ముందే ఆలోచించుకున్నాడు. పాత చెంచాల గుంటల్లో సీసం పోసి, మేకుతో బెజ్జాలు చేసి, గాలానికి కట్టే బరువులు చేశాడు. ఒక్క గుండు మాత్రం కరిగించలేదు. గోరుతో తడిమి, మైనపు గుడ్డలో చుట్టి, తుపాకి పక్కనే పెట్టడానికి దొడ్డికి తీసుకెళ్ళాడు.

"ఇదొకటెందుకు చిచ్చా?" అన్నాను.

"బాబా వచ్చినాక వేటకు పోవల్లంటే నేను పోసిందాంకా ఆగాల గదా. ఒకటన్నా ఉండనీ."

సైనికులు వచ్చారు. షెడ్డులో కుండ చూసి ఇదేంటన్నారు. గాలం బరువులన్నాడు. తూటాలు కదరా అని చెంప మీద కొట్టారు, కింద పడితే బూట్లతో తన్నారు. ఆయన లేచి కూర్చుని, చేతి నిండా బరువులు తీసి చూపించాడు. వాళ్ళలో ఒకడికి చేపల పిచ్చి. పకపకా నవ్వి గుప్పెడు జేబులో వేసుకున్నాడు. ఆ రోజుతో పెద్ద గండం గడిచిందనుకున్నాం. ఆ చేపల పిచ్చివాడు తర్వాత కూడా వచ్చేవాడు. గేటు దగ్గర నిలబడి అడిగితే చిచ్చా ఇచ్చేవాడు. ఇవ్వనంటే మళ్ళీ వెతుకులాటే కదా. పక్కింటి వాళ్ళు మేడమీంచి ఇదంతా చూస్తున్న సంగతి మాకు తట్టలేదు.

ఆ నెలలన్నీ ముసలామెను ఆయనే సాకాడు. రొట్టెల కోసం వరసల్లో నిలబడ్డాడు, మందుల కోసం బండిలో ఊరంతా తిరిగాడు. పళ్ళు లేని ఆమెకు రొట్టె పాలలో నానబెట్టి ఇచ్చేవాడు. ఆమె తస్బీ, అంటే జపమాల, తిప్పుకుంటూ ఆయన తల మీద చెయ్యి పెట్టి దీవించేది.

యుద్ధం అయిపోయింది. అహ్మది వైపు నూనె బావులు తగలబడి మధ్యాహ్నమే చీకటిగా ఉండేది. గోడల మీద మసి కురిసేది. బాబా తిరిగొచ్చాడు. చుట్టాల ఆడవాళ్ళంతా పెద్ద మామాను చూడ్డానికి వచ్చారు. నేను టీలు అందిస్తుంటే ఆమె చెబుతోంది, తుపాకిని పరుపు కింద పెట్టుకుని, సైనికులు వచ్చినప్పుడు దాని మీద పడుకున్నానని. ఆడవాళ్ళు ఆమె చేతులు ముద్దు పెట్టుకున్నారు. ముసలామె గొప్పకు చెప్పుకుంటోందిలే అని నాకు నవ్వొచ్చింది.

మర్నాడు చిచ్చా సులైబియా వెళ్ళి రైఫిల్ తవ్వి తెచ్చాడు. కడిగి, తుడిచి, నూనె రాసి, కొత్త గుడ్డలో చుట్టి ముంగిట్లో బాబా చేతిలో పెట్టాడు. గుండు విడిగా ఇచ్చాడు. ఆయన మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

బాబా నవ్వలేదు.

"నా స్నేహితుల ఇళ్ళలో ఒక్క తుపాకీ మిగల్లేదు. నీ దగ్గర ఎలా మిగిలింది?" అన్నాడు.

"దొడ్డిలో పూడ్చిపెట్టాను బాబా."

"మా అమ్మ తన పరుపు కింద దాచానంటోంది. అక్కడ చూస్తే లేదు. నువ్వు గేటు దగ్గర సైనికులకు సీసం ఇవ్వడం పక్కింటివాళ్ళు చూశారు. పెట్టెడు గుండ్లు ఉండాలి. ఒక్కటే తెచ్చావు. మిగతావి వాళ్ళకిచ్చి, దానికి బదులుగా తుపాకి నువ్వు ఉంచుకున్నావా?"

చిచ్చా పెద్ద మామా వైపు చూశాడు. ఆమె గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె ఒక్క మాట అంటే అయిపోయేది. నేనే ముందుకు వెళ్ళి, "బాబా, దాచమన్నది పెద్ద మామానే. నేనక్కడే ఉన్నాను," అన్నాను. నోరు ముయ్యమన్నాడు. "పెద్ద మామా, చెప్పు!" అని అరిచాను. ఆమె తస్బీ పూసలు తిప్పుతూ ఒళ్ళోకి చూసుకుంది. నిన్న చుట్టాలతో ఒకటి చెప్పి, ఇవాళ కొడుకు ముందు ఇంకొకటి చెప్పలేకపోయింది. ఆ కాస్త గొప్ప కోసం తనను బతికించినవాడిని వదిలేసింది.

ఆ రోజుల్లో ఇరాకీలతో చేతులు కలిపాడన్న మాట పడితే మనిషి ఏమవుతాడో అందరికీ తెలుసు. బాబా అన్నాడు, "నిన్ను పట్టించను. ఇన్నేళ్ళు నా ఇంట్లో ఉన్నావు కనుక. ఖలాస్. ఇవాళే వెళ్ళిపో." అదేదో దానం చేస్తున్నట్టు అన్నాడు. అని, చేతిలో గుండును ముంగిట్లోకి విసిరేశాడు.

చిచ్చా షెడ్డులోకి వెళ్ళి తండ్రి గరిటె ఒక్కటి తెచ్చుకున్నాడు. గేటు దాకా వెళ్ళినవాడు వెనక్కి వచ్చి, ఆ గుండును వెతికి తీశాడు. తువ్వాలుతో మట్టి తుడిచాడు. అలవాటు చొప్పున బొటనవేలి గోరుతో చుట్టూ తడిమాడు. ముడత లేదు. దాన్ని ముంగిట్లో పిట్టగోడ మీద నిలబెట్టాడు.

"పోయొస్తా పాపా. ఆమెకు రొట్టె పాలలో నానేసి ఇయ్యి. ఉత్తది మింగలేదు," అని నాతో చెప్పి వెళ్ళిపోయాడు.

రాయచోటిలో ఆయన మళ్ళీ సీసం ముట్టలేదు. రంజాన్‌కు నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా ఆయన అడిగేది ఒకటే, ముసలామె సంగతి ఏమన్నా తెలిసిందా అని. నాకెందుకు ఆమె సంగతి అని కసిరేదాన్ని. "సల్లని అచ్చు పాపా," అని నవ్వేవాడు. ఆయన క్షమించేశాడు. నా వల్ల కాలేదు, కాదు కూడా. ఆ చేతి రొట్టె తిన్న నోరు అది.

ఆ తర్వాత నేనా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ గుండు గోడ మీదే ఉంది. బాబా దాన్ని లోపలికి తీసుకోలేదు, నేను ముట్టలేదు. పెద్ద మామాను రోజూ ఆ ముంగిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టేదాన్ని. కావాలనే గోడకు ఎదురుగా వేసేదాన్ని. ఆమె కుర్చీ తిప్పమని ఒక్కనాడూ అడగలేదు, కళ్ళెత్తి అటు ఒక్కనాడూ చూడలేదు. నేను ఇండియాకు బయల్దేరిన పొద్దున కూడా ఆమె తస్బీ తిప్పుకుంటూ కూర్చుని ఉంది. ఎదురుగా గోడ మీద, మసి పట్టి నల్లబడి, ఆ ఒక్క గుండు నిలబడే ఉంది.