మగ్గానికి కట్టిన దారం

ఫిర్దోస్ ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే ఆమె తల్లి ఫాతిమా బేగం "కంప్యూటర్ల పని" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. ఇంకా వివరం అడిగినవాళ్ళకు చాయ్ ఇచ్చి మాట మారుస్తుంది. నిజానికి చెప్పడం అంత కష్టమేమీ కాదు. మట్టెవాడలో బట్టల దుకాణం మీద రెండో అంతస్తులో కూర్చుని, ఒక జంపఖానాల కంపెనీ కోసం వెబ్ అప్లికేషన్ నడుపుతుంది. కంపెనీ గీసిన డిజైన్లు ఏడు వందల మంది నేతకారుల ఫోన్లకు చేరేది దాని గుండానే.

ఆ ఏడు వందల మందిలో కొత్తవాడ నర్సయ్య ఒకడు. అరవై నాలుగేళ్ళవాడు. ఫిర్దోస్ తండ్రి ఖాజా పాషా, నర్సయ్య ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని ఇరవై రెండేళ్ళు నేశారు. పాషా చనిపోయిన ఏడు, ఫిర్దోస్‌ను ఎంసీఏ ప్రవేశ పరీక్షకు సైకిలు మీద తీసుకుపోయి, అయ్యేదాకా గేటు బయట ఎండలో నిలబడ్డది నర్సయ్యే. ఆమెకు ఆయన కాక, అంటే చిన్నాన్న.

మొన్న ఎండాకాలం నేతకారులందరిదీ ఒకటే గోల. రేకుల షెడ్లలో సిగ్నల్ అందదు, డిజైను తెరుచుకునేలోపు చాయ్ తాగి రావచ్చు. ఫిర్దోస్ ఒక ఉపాయం చేసింది. ఒకసారి వచ్చిన బొమ్మను ఫోను తనలోనే దాచుకుని, వారం దాకా దాన్నే చూపించేట్టు రాసింది. ఈ దాచుకోవడాన్నే కంప్యూటర్లవాళ్ళు క్యాష్ అంటారు. గ్లాసు గ్లాసుకూ బోరింగు దగ్గరికి ఉరకకుండా ఇంట్లో బిందె నింపి పెట్టుకున్నట్టన్నమాట. నర్సయ్య పనిగట్టుకుని ఫోన్ చేసి, "ఇప్పుడు చిటికెల వస్తాంది బిడ్డా" అన్నాడు. ఆ రోజంతా ఆమె కాళ్ళు నేల మీద లేవు. జర కిందికి దిగు తల్లీ అని ఎవరైనా చెప్పాల్సింది!

శ్రావణంలో ఒక శనివారం నర్సయ్య కొత్త డిజైను తెరిచి చూసుకున్నాడు. సోమవారం కంపెనీవాళ్ళు దాని అంచులో ఐదు గీతల్ని మూడు చేశారు. బొమ్మ మార్చారు కానీ బొమ్మ పేరు మార్చలేదు. పేరు అదే కదా అని ఆయన ఫోను బిందెలోని పాత బొమ్మనే చూపిస్తూ పోయింది. ఆయన నాలుగు రోజులు ఐదు గీతలే నేశాడు.

శుక్రవారం సూపర్‌వైజర్ సారంగపాణి వచ్చి అంచు చూసి నెత్తి కొట్టుకున్నాడు. నర్సయ్య ఫోను అందుకుని, యాప్ మూసి, మళ్ళీ లాగిన్ అయి తెరిచాడు. మళ్ళీ లాగిన్ అయితే బిందె ఖాళీ అయిపోతుంది, ఇక కొత్త బొమ్మ రాకేం చేస్తుంది! మూడే గీతలు. "కంటి ఆపరేషన్ అయినంక నీకు సరిగ కనవడ్తలేదు పెద్దయ్యా. ఇంకెన్ని దినాలు కష్టపడ్తవ్?" అని మెత్తగానే అన్నాడు. మెత్తగా అన్నందుకే అది నర్సయ్యకు లోతుగా దిగింది.

ఆదివారం ఫాతిమా బేగం కొత్తవాడ పోయి వచ్చి కూతురితో అంది, "నర్సయ్య మగ్గం దిగుతాండట. మూడుకు ఐదు లెక్కవెట్టే కండ్లతోని ఏం నేత్తనని గోడకు మొఖం పెట్టి కూసున్నడు."

ఫిర్దోస్ చేతిలోని ముద్ద చేతిలోనే ఆగిపోయింది. కండ్లు కాదు, తన బిందె. ఆ సంగతి తెలిసింది ఈ లోకంలో ఆమె ఒక్కదానికే.

సోమవారం ఆఫీసులో తమ్ముడిలాంటి యజమాని భరత్‌కు చెప్పింది. అతను తల గోక్కున్నాడు. "కంపెనోళ్ళు అడగలే గదక్కా. సప్పుడుచేయక మనమే సరిచేద్దాం."

"కోడ్ సరిచేస్తం భరత్. ఆయన మన్సునెవరు సరిచేస్తరు?" అంటూ అక్కడే, అతని ముందే, తప్పు తమదని కంపెనీకి రాసి, కింద తన పేరు పెట్టి పంపింది. భరత్ నిట్టూర్చి, "పో అక్కా, ముందుగాల ఆయన దగ్గరికి పో" అన్నాడు.

స్కూటీ మీద కొత్తవాడ పోయి చెప్తే నర్సయ్య నమ్మితేనా! "పాషా భాయ్ బిడ్డవు. నా మన్సు నొవ్వొద్దని చెప్తానవ్."

ఫిర్దోస్ ల్యాప్‌టాప్ తెరిచి ఐదు గీతలు గీసింది. ఆయన ఫోనులో తెరిపించి చూపింది. తరువాత ల్యాప్‌టాప్‌లో రెండు గీతలు చెరిపింది. "ఫోన్ల ఎన్నున్నయి కాక?"

వేలు పెట్టి లెక్కపెట్టాడు. "ఐదు."

"ఇండ్ల?" అంటూ ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది.

"మూడు." ఆయన వేలు అక్కడే ఆగింది.

"నీ కండ్లు రెండు దిక్కుల సక్కగనే లెక్కవెట్టినయి. తప్పు నాది కాక."

ఆయన ఫోనులో, ల్యాప్‌టాప్‌లో గీతలు ఇంకోసారి లెక్కపెట్టుకున్నాడు. తరువాత, "ఓర్నీ! నాలుగు దినాల సంది నన్ను ఆగం చేసినవు గదనే పిల్లా!" అన్నాడు. అంటూనే కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె అప్పటికే ఏడుస్తోంది.

"మా కాలంల గిసోంటి తిప్పలు లేకుండె," అన్నాడు కాసేపయ్యాక. "డిజైన్ కాగితం రెండు గల్లీల అవుతల సేటు ఇంట్ల ఉండేది. మీ నాయిన పొద్దుగాల నమాజుకు పోయొస్త చూసొచ్చేటోడు. మారితె మగ్గం కట్టెకు ఇంకో రంగు దారం కట్టేటోడు. నేను ముందుగాల దారం చూసేటోన్ని. అదే రంగుంటె కూసునుడే. మారితె సేటింటికి ఉరుకుడే."

ఫిర్దోస్ ముక్కు తుడుచుకుంటూ ఆ మాట మళ్ళీ చెప్పించుకుంది. చదువులో నేర్చుకున్నదే అది. కానీ నాన్న దాన్ని దారంతో చేశాడని ఆమెకు తెలియదు.

రెండు రోజుల్లో మార్చి రాసింది. బొమ్మ ఫోనులోనే ఉంటుంది. కానీ తెరిచిన ప్రతిసారీ ఫోను ఆఫీసును ఒక్క చిన్న మాట అడుగుతుంది: దారం ఏ రంగు? అదే అయితే ఉన్న బొమ్మ చాలు, మారితే కొత్తది తెచ్చుకోవాలి. అంత చిన్న మాట రేకుల షెడ్డు సిగ్నల్‌లోనూ పోతుంది. తెర మూలన, డిజైను మారినప్పుడల్లా రంగు మారే దారం కూడా ఒకటి గీసింది. అది ఎందుకని భరత్ అడిగితే, "మా నాయిన కట్టిండు" అంది.

కంపెనీ నుంచి సారంగపాణి వచ్చి క్షమించమని అడిగిపోయాడు. అయినా నర్సయ్య మగ్గమెక్కలేదు. చూద్దాంలే అన్నాడు. పది రోజులు గడిచాయి. అడగడానికి ఫిర్దోస్‌కు నోరు రాలేదు.

పదకొండో రోజు పొద్దున్నే ఫోను మోగింది. వెనక నుంచి మగ్గం చప్పుడు వినబడుతోంది.

"బిడ్డా, పసుపు దారం ఎర్రగైంది. సారంగపాణి ఇంకా సూడనే లేదు. నా కండ్లే ముందుగాల సూసినయి."

"అవు కాక," అంది ఫిర్దోస్. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని మగ్గం చప్పుడు వింటూ నిలబడింది.