ఎక్కని శిఖరానికి పూలదండ

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను హిందూపురంలో విలేకరిని. నలభయ్యో ఏట, గైడు వెంట తాళ్లు పట్టుకుని ఎక్కాల్సిన ఓ మారుమూల హిమాలయ శిఖరానికి బయలుదేరాను. సభ జరగకముందే సభ వార్త రాసిపెట్టడం మా వృత్తిలో అలవాటు. ఆ అలవాటుకొద్దీ 'శిఖరాన్ని జయించిన హిందూపురం వాసి' అని రాసి, ఫలానా రోజు వేసెయ్యమని తోటి విలేకరికి ఇచ్చి వెళ్లాను.

చివరి మంచుగోడ దగ్గర గాలి లేచింది. "ఇంకా ఎక్కితే దిగడానికి మనం మిగలం" అన్నాడు గైడు. వెనుదిరిగాం. వార్త ఆపమని చెప్పడానికి అక్కడ ఫోను లేదు; ఫోనున్న ఊరికి దిగేసరికి అది అచ్చయిపోయింది.

రైలు మారడానికి ధర్మవరం స్టేషన్లో దిగగానే, ఎదురొచ్చిన మా ఊరివాళ్ల దండలు మెడలో పడ్డాయి. అబద్ధాలు రాసేవాడినన్న పేరొస్తే ఇక పెన్ను పట్టలేను.

"నేను పైదాకా ఎక్కలేదప్పా!" అని మొత్తుకున్నాను.

"ఇంత అణకువ యాడన్నా సూసినారా?" అన్నాడు పెనుకొండ నుంచి వచ్చిన మా మామ. చప్పట్లు మోగాయి.

సవరణ వేయమని తోటి విలేకరిని బతిమాలాను.

"ఊరంతా సంబరపడతాండారన్నా. సవరణ ఏసేదానికన్నా నువ్వు ఇంకోసారి పోయి ఎక్కొచ్చేది సులభం" అన్నాడు.

పట్టుబట్టి వేయించాను. లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చింది. ఎవరూ చదవలేదు. ఇన్నేళ్లలో నేను రాసిన వార్తల్లో ఊరంతా ఏకగ్రీవంగా నమ్మింది ఆ శిఖరం వార్త ఒక్కటే.