పొత్రానికి పేరు పెట్టిన రోజు

పక్క ఫ్లాటులో బాలింత ఉన్నట్టుంది. నిన్నటి నుంచీ నేతిలో వెల్లుల్లి వేగే వాసన మా వంటింటి కిటికీలోంచి చెప్పాపెట్టకుండా లోపలికి వస్తోంది. మా మనవరాలు ముక్కు మూసుకుంటుంది. నాకు మాత్రం ఆ వాసనకి నాంపల్లి స్టేషను వెనక సందులో మేం అద్దెకున్న ఇంటి వాకిలి కళ్ల ముందుకొస్తుంది, దాంతోపాటు బోలెడంత గర్వమూ వస్తుంది. కాస్త గొప్పలు పోతాను, ఓర్చుకోండి.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో నాన్న ఉద్యోగం వెంట గుంటూరు వైపు నుంచి వచ్చి ఆ ఇంట్లో రెండు గదుల్లో దిగాం. ఇంటావిడ సత్తెమ్మగారు. ఆవిడ భర్తకి సుల్తాన్ బజార్లో బట్టల కొట్టు ఉండేది. ఆవిణ్ణి నేను పెద్దమ్మా అనేదాన్ని. వాకిట్లో ఆరేసిన తెల్ల బట్టల మీద రైలింజను మసి పడితే, మా నాయనమ్మ ఆ రైలునీ, దాన్ని కనిపెట్టినవాణ్ణీ, మమ్మల్ని ఈ ఊరు తెచ్చిన మా నాన్ననీ వరసగా తిట్టేది. ఆదివారం నాన్న నన్ను అబిడ్స్ తీసుకెళ్లి పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే, నేను పోస్టాఫీసు మెట్లెక్కి దిగుతూ ఆడుకునేదాన్ని. చలికాలం వచ్చిందంటే దగ్గర్లో జరిగే నుమాయిష్ ఎగ్జిబిషను మైకుల్లో తప్పిపోయిన పిల్లల పేర్లు మా వంటింట్లోకి వినబడేవి. తిరునాళ్లలో తప్పిపోవడమూ ఒక వైభవమేనని అప్పట్లో నా అభిప్రాయం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, అలాంటి ఒక చలికాలంలోనే, అమ్మకి ఏడో నెలలో ఆడపిల్ల పుట్టింది. దోసెడు పిల్ల. దవాఖానాలో వెచ్చగా ఉండే గాజు పెట్టెలో పెట్టారు. ఆ గదిలోకి ఎవరినీ రానివ్వరు, నాన్న కూడా తలుపు అద్దంలోంచి చూడాల్సిందే. పదో రోజున అమ్మ జ్వరంతో, వట్టి చేతులతో ఇంటికి వచ్చింది. ఆవిడ పిల్లని ఒక్కసారైనా సరిగ్గా చూడలేదు. పిల్లకి డబ్బా పాలు పడటం లేదు, తల్లిపాలే గొట్టంతో చుక్కచుక్కగా పట్టాలి, అవి ఆగితే కష్టమని నర్సమ్మ చెప్పింది. అందుకని పూటపూటకీ అమ్మ పాలు తీసి ఇచ్చేది, నాన్న మరగబెట్టిన సీసాలో పోసుకుని తువ్వాలులో చుట్టి, సైకిలు మీద దవాఖానాకి పట్టుకెళ్లేవాడు.

ఇక్కడే మా నాయనమ్మ ఒక పొరపాటు చేసింది. చెడ్డ మనిషి కాదు, ఇద్దరు బిడ్డల్ని పురిట్లోనే పోగొట్టుకున్న మనిషి. ఆశ పెంచుకుంటే గుండె పగులుతుందని ఇంట్లో పిల్ల ఊసెత్తవద్దని శాసనం చేసింది. అమ్మ కుట్టిపెట్టుకున్న పాతచీర జుబ్బాలు ట్రంకు పెట్టె అడుగున దాచేసింది. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లకి గుమ్మం దగ్గరే సైగ చేసేది. వాళ్లు వెల్లుల్లి కారమో బాలింత కాయమో ఇచ్చి, వంకాయల ధర మాట్లాడి, వెళ్లిపోయేవాళ్లు. పురిటి ఇంట్లో పిల్ల మాట తప్ప అన్ని మాటలూ వినిపించేవి.

అది అమ్మకి ఎలా వినిపించిందో ఎవరికీ తట్టలేదు. సీసాలో పాలు రోజురోజుకీ తగ్గి, అడుగు తడిసేంతకి వచ్చాయి. పద్దెనిమిదో రోజు పొద్దున నాన్న సైకిలు తీస్తుంటే అమ్మ మంచం మీంచే నెమ్మదిగా అడిగింది. "నిజం చెప్పండి. ఈ పాలు రోజూ ఎక్కడ పారబోస్తున్నారు?"

నాన్న నిలువునా నీరైపోయాడు. పిల్ల బాగానే ఉందని ఒట్టేశాడు. కానీ అమ్మ అటు గోడవైపు తిరిగిపోయింది. పిల్ల ఎప్పుడో పోయిందనీ, తన కోసమే అందరూ నాటకమాడుతున్నారనీ ఆవిడ నమ్మేసింది.  నేను వాకిలి దాటి పరుగెత్తి సత్తెమ్మ పెద్దమ్మకి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

పెద్దమ్మ చేతిలో చాట అలాగే కింద పెట్టి మా ఇంట్లోకి వచ్చింది. ఆవిడ కోపం చూడ్డం నాకదే మొదలు.

"ఇరవై ఒకటో దినం తొట్లె చేద్దాం. పిల్లకు పేరు పెట్టాలె," అంది.

"పిల్ల లేకుండా బారసాలేమిటమ్మా, చోద్యం కాకపోతే!" అంది నాయనమ్మ.

"లేకపోవుడేంది? దవాఖానల ఉన్నది. రేపు పెండ్లై అత్తగారింట్ల ఉంటే గప్పుడు మన పిల్ల కాదా?"

నాయనమ్మ పక్కకి జరిగి పెద్దమ్మకి దారి ఇచ్చింది. అది చాలా అరుదైన విషయం.

ఇరవై ఒకటో రోజున పెద్దమ్మ అటక మీంచి తన పిల్లలు ఊగిన కర్ర తొట్లె దించి కడిగి, పసుపు రాసి, మా నడవలో కట్టించింది. వాడలో ఇంటింటికీ వెళ్లి పిలిచింది నేనే, నా జడకి ఆవేళ రెండు మూరల బంతిపూలు. శనగ గుగ్గిళ్ల తాలింపూ, సాంబ్రాణి పొగా, తడి పసుపూ కలిసి ఇల్లంతా పండగైపోయింది. పాపని వేసే ముందు తొట్లెలో సన్నికల్లు మీద నూరే రాతి పొత్రాన్ని వేసి ఊపడం వాళ్ల ఆనవాయితీ, బిడ్డ దానిలాగా గట్టిగా ఉండాలని. ఆ రోజు పాప ఎలాగూ లేదు కాబట్టి పొత్రమే పాప. దానికి జుబ్బా తొడగాలి కదా అని పెద్దమ్మ అడిగితే, నాయనమ్మ వెళ్లి ట్రంకు పెట్టె తెరిచింది.

అమ్మని నడిపించుకొచ్చారు. ఆవిడ తొట్లె వైపు చూడలేదు. పెద్దమ్మ ఆవిడ గడ్డం పట్టుకుని తిప్పింది. "జర చూడు బిడ్డా. లేని పిల్లకు తొట్లె ఎవలన్న కడ్తరా? వాడంత పిలిచి గుగ్గిళ్లు పంచుతరా? ఫికర్ జెయ్యకు, పేరు పిలువు."

అమ్మ తొట్లె చుట్టూ చేరిన ముత్తయిదువుల ముఖాలు ఒక్కొక్కటే చూసింది. తరవాత వంగి పొత్రం మీద చెయ్యి వేసి, "సుజాతా" అంది. రెండోసారి గొంతు పూర్తిగా లేచింది. మూడోసారికి ఏడ్చేసింది. నాన్న గుమ్మం బయట నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. నాకు కూడా ఏడుపొచ్చింది, అయినా గుగ్గిళ్లు పంచే పని నాది కాబట్టి ఆపుకున్నాను.

ఆ సాయంత్రం సీసా నిండలేదు. మర్నాటికి పావు వంతైంది, నాలుగైదు రోజులకి నిండింది. అప్పటినుంచి ఆడవాళ్లు గుమ్మంలోంచే "సుజాత ఎట్లున్నది? పాలు తాగుతున్నదా?" అని అరిచి మరీ అడిగేవాళ్లు. జ్వరం తగ్గాక పెద్దమ్మ అమ్మని రిక్షాలో తీసుకెళ్లి తలుపు అద్దంలోంచి పిల్లని చూపించింది. గాజు పెట్టె మీది చీటీలో నర్సమ్మ చేత పేరు కూడా రాయించింది. నుమాయిష్ ఎత్తేసి, ఎండలు ముదిరిన రోజుల్లో, నాయనమ్మ స్వయంగా దిష్టి తీసి మా చెల్లిని గుమ్మం దాటించింది.

ఆ సందులో ఇప్పుడు లాడ్జీలున్నాయి. మా వాకిలి ఉన్నచోట బళ్లు నిలుపుతున్నారు. రైళ్లు మసి పొయ్యడం ఎప్పుడో మానేశాయి. పెద్దమ్మ పోయినప్పుడు అమ్మ పదకొండు రోజులూ ఆ ఇంట్లోనే ఉండి సొంత చెల్లెలిలా చాకిరీ చేసింది. తరవాత నాయనమ్మ, నాన్న, అమ్మ, ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

సుజాత బడిపంతులమ్మగా రిటైరైంది. మనిషి గట్టిది, గొంతు ఇంకా గట్టిది. ఎవరింట్లో బారసాల జరిగినా నడుమ కూర్చుని, "నా బారసాలకి వాడంతా వచ్చిందండీ, నేనొక్కదాన్నే వెళ్లలేకపోయాను," అని నవ్విస్తుంది. నవ్వించి, ఆ రోజు ఎవరెవరు వచ్చారో, అమ్మ తన పేరు ఎలా పిలిచిందో చెప్పమని నా వైపు చూస్తుంది. ఎన్నిసార్లైనా చెబుతాను. వచ్చినవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే.