లేని లడ్డుకు పిలుపు

తిరుపతిలో కాపురం పెట్టినవాళ్ళకు చుట్టాలను పిలవాల్సిన పని ఉండేది కాదు. కొండకు వచ్చే బంధువులంతా మా ఇంట్లోనే దిగేవాళ్ళు. స్నానానికి బకెట్ దగ్గర, పడుకోవడానికి చాప దగ్గర కొట్లాటలే. "ఇది ఇల్లా, సత్రమా?" అని గొణిగేదాన్ని. నా గొణుగుడు ఆ స్వామి విన్నట్టున్నాడు. ఇప్పుడు అందరూ ఫోన్లోనే గదీ దర్శనమూ బుక్ చేసుకుని, నాకు గుండు ఫొటోలు పంపి ఊళ్ళకు వెళ్ళిపోతున్నారు.

మా ఆయన పోయాక వంట మీద మనసు పోయింది. పొద్దున వండిందే రాత్రికీ. నిద్ర రాదు, బీపీ దిగదు. మాత్రలు పెంచీ పెంచీ డాక్టరమ్మ ఒకరోజు అడిగింది.

"ఈ వారంలో ఎవరితో మాట్లాడినారమ్మా?"

"ఇదో, ఇప్పుడు మీతోనే."

ఆమె నవ్వలేదు. "మాట్లాడే మనిషి లేకుంటే ఆకలి చస్తాది, నిద్ర పోతాది, బీపీ ఎక్కతాది. దానికి నా దగ్గర మాత్ర లేదమ్మా," అంది.

నా దగ్గర ఉందిగా! ఇంటికి రాగానే చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాను: "పెద్ద కల్యాణం లడ్డు వచ్చింది. ఇంటికి వచ్చినవాళ్ళకే." లడ్డూ లేదు, పాడూ లేదు. స్వామి పేరు చెప్పి అబద్ధమా అని లెంపలేసుకుని, ఆ చేత్తోనే పంపేశాను. "కొరియర్ చెయ్యి పిన్నీ," అన్నాడొకడు. మిగిలినవాళ్ళు దండం బొమ్మలు పెట్టారు. ఒళ్ళు మండి ఫోన్ మంచం మీద విసిరేశాను.

మర్నాడు చిత్తూరు బస్సు దిగి మా ఆడబిడ్డ వచ్చింది, మోకాళ్ళు పట్టుకుని, బట్టల సంచితో. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా? నా పులుసుకు వంక పెట్టకుండా ఏనాడూ విస్తరి ముందు నుంచి లేవలేదు. ఆమెకూ ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరు.

"యాడ వదినా లడ్డు?"

"అయ్యో, ఇప్పుడే అయిపాయ మే. పక్కింటోళ్ళు వచ్చి..."

"సాల్లే. లడ్డు లేదని నాకు నిన్ననే తెలుసు. నీ ఇంటికి ఎవురొస్తా ఉండారని, తెచ్చిచ్చేదానికి?"

ఇక చిత్తూరంతా నన్ను చూసి నవ్వుతుంది. "తెలిసీ ఎందుకొచ్చినావు మరి?" అని కసిరాను.

ఆమె సంచి కింద పెట్టింది. చెంగుతో ముక్కు తుడుచుకుంది.

"నువ్వు అబద్ధమాడైనా రమ్మంటివి. నన్ను అట్లన్నా పిలిచినోళ్ళు లేరు వదినా."